పాత ఫైలు వేరు, మూస వేరు

విశాఖపట్నంలో కలెక్టరేటు చుట్టుపక్కల ఉండే జాబ్ టైపింగ్ దుకాణాల్లో అద్దె ఒప్పందం తయారయ్యే తీరు దాదాపు ఒకటే. టైపిస్టు తన కంప్యూటర్లోని వందలాది ఫైళ్లలోంచి నిన్నో మొన్నో చేసిన ఒక ఒప్పందాన్ని తెరుస్తుంది. పాత యజమాని పేరు చెరిపి కొత్త పేరు కొడుతుంది. అద్దెదారు పేరు, డోరు నంబరు, అద్దె, అడ్వాన్సు, తేదీ మారుస్తుంది. పది నిమిషాల్లో స్టాంపు పేపరు మీద ప్రింటు వచ్చేస్తుంది. మొదటి రెండు పేజీలూ సరిగ్గానే ఉంటాయి. మూడో పేజీలో, షెడ్యూలు కింద ఇంటి హద్దులు రాసిన చోట మాత్రం సీతమ్మధార ఇంటికి బదులు ఎవరిదో గాజువాక ఇల్లు ఉండిపోతుంది. సంతకాలు అయ్యాక, ఒక్కోసారి నెలలు గడిచాక, గొడవ వచ్చి కాగితం బయటికి తీసినప్పుడు ఎవరి కంటో పడుతుంది.

ఇందులో టైపిస్టు అజాగ్రత్త కొంత ఉండవచ్చు, కానీ అసలు లోపం పద్ధతిలో ఉంది. పాత ఫైలులో ఉన్న తప్పు వివరం చూడటానికి ఒప్పు వివరంలాగే ఉంటుంది. గాజువాక ఇంటి హద్దులు కూడా హద్దులే కదా. తూర్పున రోడ్డు, పడమర వేరొకరి ఇల్లు అని పొందికగా రాసి ఉంటుంది. చదివే కన్ను దాని మీదుగా జారిపోతుంది. అదే చోట ఖాళీ గీత ఉంటే ఎంత తొందరలో ఉన్నవారైనా ఆగుతారు. ఖాళీ కంటికి కనిపిస్తుంది, నిండిన తప్పు కనిపించదు. మారని మాటలు ఉంచి, మారే చోట్లు ఖాళీగా వదిలిన నమూనా ఫైలును కంప్యూటర్లో టెంప్లేట్ అంటారు. దానికి ఉన్న అసలు ప్రయోజనం ఈ ఖాళీయే. అందమైన లెటర్‌హెడ్, రంగుల పట్టీ ఆ తర్వాత సంగతి.

తెలుగులో దీనికి మూస అనే మాట చక్కగా అతుకుతుంది. పోతపని తెలిసినవారికి ఒక సంగతి తెలుసు. కరిగిన లోహం చల్లారేటప్పుడు కొంచెం కుంచించుకుపోతుంది. అందుకే ఇసుకలో అచ్చు తీయడానికి వాడే నమూనాను కావలసిన కొలత కన్నా కాస్త పెద్దదిగా చేస్తారు. ఆ నమూనాను పక్కన పెట్టి, పోతపోసిన ముక్కనే మళ్లీ నమూనాగా వాడితే రెండో ముక్క మొదటిదాని కన్నా చిన్నదవుతుంది, మూడోది ఇంకా చిన్నదవుతుంది. పాత ఫైలుకు నకలు, ఆ నకలుకు మరో నకలు తీసుకుంటూ పోయే ఆఫీసులో జరిగేది అదే. ఒకరు తొందరలో ఒక షరతు తీసేస్తారు. ఆ తర్వాత వచ్చే ప్రతి ఒప్పందంలోనూ ఆ షరతు లేనట్టే. ఎప్పుడు పోయిందో, ఎవరు తీశారో చెప్పగలిగేవారు ఉండరు.

మూస ఫైలుకూ మామూలు ఫైలుకూ తేడా పేరు చివర ఒక్క అక్షరం. వర్డ్ పత్రం డీఓసీఎక్స్ అయితే మూస డీఓటీఎక్స్. ఎక్సెల్‌కు ఎక్స్ఎల్‌టీఎక్స్, పవర్‌పాయింట్‌కు పీఓటీఎక్స్. ఉచితంగా దొరికే ఆఫీసు సాఫ్ట్‌వేర్ లిబ్రేఆఫీస్‌లో ఉత్తరాలకు ఓటీటీ, లెక్కల పట్టికలకు ఓటీఎస్. ఆ ఒక్క అక్షరంతో ఫైలు నడవడికే మారిపోతుంది. మూస మీద రెండుసార్లు నొక్కితే మూస తెరుచుకోదు, దాని నకలు ఒకటి పేరు లేకుండా తెరుచుకుంటుంది. సేవ్ కొట్టగానే కొత్త పేరు అడుగుతుంది. ఎంత అలసిపోయి ఉన్నా, సాయంత్రం ఏడింటికి బస్సు తప్పిపోతుందన్న కంగారులో ఉన్నా, అసలు మూస మీద పొరపాటున రాసేయడం కుదరదు. మూసనే మార్చాలనుకున్నప్పుడు మాత్రం మౌసు కుడి మీట నొక్కి ‘ఓపెన్’ ఎంచుకోవాలి. ఈ తేడా తెలియక మూసలో ఏ మార్పు చేసినా నిలవడం లేదని వదిలేసినవారు చాలామంది.

అంతకన్నా ఎక్కువమంది వదిలేసేది చేసిన మూస దొరక్కపోవడం వల్ల. ఇందులో తప్పు వాడేవారిది కాదు. వర్డ్‌లో లెటర్‌హెడ్ తయారుచేసి, సేవ్ చేసేటప్పుడు ఫైలు రకం దగ్గర ‘వర్డ్ టెంప్లేట్’ ఎంచుకోగానే, అప్పటిదాకా డెస్క్‌టాప్ చూపిస్తున్న పెట్టె చప్పుడు లేకుండా వేరే ఫోల్డరుకు మారిపోతుంది. 2013 వెర్షన్ నుంచి అది డాక్యుమెంట్స్ లోపలి ‘కస్టమ్ ఆఫీస్ టెంప్లేట్స్’ అనే ఫోల్డరు. గమనించనివారు సేవ్ కొట్టి, డెస్క్‌టాప్ మీద వెతికి, ఫైలు పోయిందనుకుంటారు. మళ్లీ వాడుకోవడానికి ఫైల్ మెనూలో ‘న్యూ’కి వెళ్తే మైక్రోసాఫ్ట్ అందించే బ్రోషర్లు, క్యాలెండర్లు, రెజ్యూమెలు పెద్ద పెద్ద బొమ్మలతో ఎదురవుతాయి. సొంత మూసలు వాటి పైన ‘పర్సనల్’ అనే చిన్న మాట వెనక ఉంటాయి. ఆ మాట నొక్కేదాకా ఒక్కటీ కనిపించదు. ఆఫీసు సొంతంగా చేసుకున్న మూస బయటివారి పుట్టినరోజు ఆహ్వానాల కన్నా వెనక ఉండటం మంచి అమరిక కాదు. ఇంతకాలమైనా మారకపోవడం విచారకరం.

ఈ విషయంలో లిబ్రేఆఫీస్ మెరుగు. కంట్రోల్, షిఫ్ట్, ఎన్ మూడూ కలిపి నొక్కితే ఉన్న మూసలన్నీ ఒక్క కిటికీలో కనిపిస్తాయి. విభాగాలుగా సర్దుకోవచ్చు, ఒకచోటి నుంచి మరోచోటికి మార్చవచ్చు, బయటి ఫైలును లోపలికి తెచ్చుకోవచ్చు, ఏది ఎప్పుడూ మొదట తెరుచుకోవాలో చెప్పవచ్చు. చిక్కల్లా వాటిని దాచే చోటుతోనే. విండోస్‌లో లిబ్రేఆఫీస్ వాడుకరి మూసలు యాప్‌డేటా అనే ఫోల్డరు లోతుల్లో ఉంటాయి. ఆ ఫోల్డరు మామూలుగా కంటికి కనిపించదు, దాచిన ఫైళ్లు చూపించమని ప్రత్యేకంగా చెప్పాలి. వర్డ్ తన మూలమూస అయిన ‘నార్మల్’ను దాచేది కూడా ఆ యాప్‌డేటాలోనే. పాత వెర్షన్లలో చేసుకున్న సొంత మూసలు కూడా అక్కడే ఉండేవి.

దీని ఫలితం కంప్యూటర్ ఫార్మాట్ చేయించే రోజున తెలుస్తుంది. వైరస్ పట్టిందనో, నెమ్మదించిందనో మెకానిక్‌ను పిలుస్తారు. డెస్క్‌టాప్ మీదివి, డాక్యుమెంట్స్‌లోవి, డౌన్‌లోడ్స్‌లోవి ఆయన శ్రద్ధగా వేరే డ్రైవ్‌లోకి కాపీ చేస్తాడు. ఇంకేమైనా ఉన్నాయా అని అడుగుతాడు కూడా. లేవని సమాధానం వస్తుంది, ఎందుకంటే ఉన్నట్టు ఎవరికీ తెలియదు. సాయంత్రానికి కంప్యూటర్ కొత్తదానిలా ఉంటుంది. పదేళ్లుగా సవరించుకుంటూ వచ్చిన కొటేషన్ మూస, జీతాల పట్టిక మూస పోతాయి. మర్నాడు ఉదయం ఎవరో ఒక పాత కొటేషన్ ఫైలు వెతికి, పేర్లు చెరిపి పని కానిస్తారు. పాత ఫైలు పద్ధతి ఆఫీసులోకి తిరిగి వచ్చేది అలాగే.

ఫార్మాట్‌కు ముందు ఒక్క పని చేస్తే చాలు. విండోస్ వెతుకుడు పెట్టెలో నక్షత్రం గుర్తు, చుక్క, ఆపైన మూస ఫైలు తోక (డీఓటీఎక్స్, ఓటీటీ వంటిది) కొట్టి సీ డ్రైవ్ మొత్తం వెతికించాలి. దాచిన ఫోల్డర్లు కనిపించేలా ముందే పెట్టుకోవాలి. దొరికినవన్నీ ఒకచోట చేర్చి చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ఒకే లెటర్‌హెడ్‌కు అయిదారు రూపాలు, మూసివేసిన బ్రాంచి చిరునామాతో ఒకటి, ఎవరిదో పెళ్లి శుభలేఖ ఒకటి బయటపడతాయి.

పాత ఫైళ్లు మోసుకొచ్చే తప్పులు ఎంత దూరం వెళ్తాయో విశాఖ ఆఫీసులకు గత కొన్నేళ్లలో బాగా తెలిసొచ్చింది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణ అమల్లోకి వచ్చి పాత విశాఖపట్నం జిల్లా మూడైంది. అనకాపల్లి విడిగా జిల్లా అయింది. పాడేరు అల్లూరి సీతారామరాజు జిల్లా కేంద్రమైంది. ఒక్క రోజులో ఎన్ని చిరునామాలు పాతబడ్డాయో ఊహించుకోవచ్చు. చిరునామా మూసలో ఒక్కచోట ఉన్న ఆఫీసులో దాన్ని సరిచేయడం రెండు నిమిషాల పని. పాత ఉత్తరాన్నే తెరిచి కొత్త ఉత్తరం రాసే ఆఫీసులో మాత్రం, ఏ ఉత్తరం ఏ పాత ఉత్తరానికి నకలో తెలియదు కాబట్టి, అనకాపల్లి పక్కన విశాఖపట్నం జిల్లా అనే మాట ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంటుంది.

జీఎస్టీ ఇన్వాయిస్ ఇంకా గట్టి ఉదాహరణ. 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం, 28 శాతం శ్లాబులు దాదాపుగా తొలగిపోయి, చాలా వస్తువులు 5 శాతం లేదా 18 శాతంలోకి వచ్చాయి. పోయిన నెల బిల్లు తెరిచి తేదీ, పేరు మార్చి పంపే అలవాటున్న దుకాణంలో ఆ రోజు ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. రేట్ల పట్టికను వేరే షీటులో పెట్టి, బిల్లు షీటు అక్కడి నుంచి రేటు తీసుకునేలా చేసిన ఎక్సెల్ మూస ఉంటే మార్చాల్సింది ఒకే ఒక గడి. మరో మేలు కూడా ఉంది. ఇదివరకు ఆ మూస నుంచి పుట్టిన బిల్లులు పాత రేటుతోనే మిగులుతాయి. అలా మిగలడమే సరైనది, ఆ రోజున చట్టబద్ధమైన రేటు అదే కాబట్టి. మూసలో ఉన్న విషయాన్ని మారిస్తే రేపటి పత్రాలు మారతాయి గానీ నిన్నటివి మారవు.

ఇన్వాయిస్ మూసలో ముందే నింపి పెట్టదగినవి, ఎప్పుడూ నింపకూడనివి విడదీయడం కూడా నేర్చుకోవాల్సిన పని. అమ్మకందారు జీఎస్టీ నంబరు పదిహేను అక్షరాలు, మూసలో శాశ్వతంగా ఉండాలి. ఆంధ్రప్రదేశ్ నంబర్లు 37తో మొదలవుతాయి, తెలంగాణవి 36తో. హైదరాబాద్ బ్రాంచి నుంచి తెచ్చుకున్న ఫైలును విశాఖలో వాడేవారు మొట్టమొదట చూడాల్సింది ఆ రెండంకెలనే. ఇన్వాయిస్ నంబరు మాత్రం మూసలో ఎప్పుడూ ఖాళీగానే ఉండాలి. నిబంధన ప్రకారం అది వరుసగా నడవాలి, పదహారు అక్షరాలు మించకూడదు, ఒకే ఆర్థిక సంవత్సరంలో రెండోసారి రాకూడదు. పాత బిల్లుకు నకలు తీసే పద్ధతిలో ఒకే నంబరుతో రెండు బిల్లులు వెళ్లిపోవడం చాలా తేలిక.

తేదీ సంగతి మరీ జాగ్రత్తగా చూసుకోవాలి. వర్డ్‌లో తేదీ చొప్పించేటప్పుడు దానంతటదే మారేలా టిక్కు పెడితే ఆ ఉత్తరం ఏ రోజు తెరిస్తే ఆ రోజు తేదీ చూపిస్తుంది. మూసలో అది సౌకర్యంగా అనిపిస్తుంది. ఆరు నెలల తర్వాత, ఫలానా నోటీసు ఏ తేదీన ఇచ్చారో చూడాలని ఫైలు తెరిస్తే అందులో ఈ రోజు తేదీ కనిపిస్తుంది. వివాదంలో ఉన్న నోటీసు విషయంలో ఇది చిన్న ఇబ్బంది కాదు. దీనికి వర్డ్‌లో ‘క్రియేట్‌డేట్’ అనే వేరే ఫీల్డు, అంటే దానంతటదే నిండే గడి, ఉంది. మూస నుంచి పత్రం పుట్టిన తేదీని అది పట్టి ఉంచుతుంది. లేదంటే క్యాలెండరు నుంచి ఎంచుకునే తేదీ గడి పెట్టవచ్చు. ఆఫీసు ఉత్తరాల మూసల్లో దానంతటదే మారే తేదీని పూర్తిగా మానేయడమే మంచిది.

ఇంతవరకు చెప్పినవి ఏ భాషలో పనిచేసే ఆఫీసుకైనా వర్తిస్తాయి. తెలుగులో ఉత్తరాలు రాసే ఆఫీసుకు వీటికి తోడు మరికొన్ని చిక్కులున్నాయి. వాటి గురించి చెప్పేవారు తక్కువ కాబట్టి కాస్త వివరంగా చెప్పుకోవాలి.

మొదటిది అక్షరాల సంగతి. వర్డ్, లిబ్రేఆఫీస్ రెండూ తెలుగును ఇంగ్లీషు పక్కన వేరే లిపి వర్గంగా లెక్కిస్తాయి. ఒకే స్టైలుకు, అంటే అక్షరాల రూపు నిర్ణయించే అమరికకు, రెండు ఫాంట్లు, రెండు సైజులు ఉంటాయి, ఇంగ్లీషు అక్షరాలకు ఒకటి, తెలుగు వంటి సంక్లిష్ట లిపులకు ఒకటి. మూస చేసేవారు పైన కనిపించే ఫాంటు పేరు మార్చి అయిపోయిందనుకుంటారు. తెలుగు అక్షరాలు మాత్రం వేరే ఫాంటులో, ఒక్కోసారి వేరే సైజులో వస్తాయి. స్టైలు మార్చే పెట్టె లోపల ఫాంట్ విభాగానికి వెళ్లి, ‘కాంప్లెక్స్ స్క్రిప్ట్స్’ అని ఉన్న గడిలో తెలుగు ఫాంటును విడిగా పెట్టాలి. ఆ గడి కనబడకపోతే ముందు ఆఫీసు భాషల జాబితాలో తెలుగును చేర్చుకోవాలి. లిబ్రేఆఫీస్‌లోనూ అమర్పుల్లో సంక్లిష్ట లిపుల గడికి టిక్కు ఉంటేనే ఆ రెండో వరుస కనిపిస్తుంది. అదే చోట భాష తెలుగు అని కూడా చెప్పి ఉంచితే, ప్రతి మాట కింద ఎర్ర గీతలు రాకుండా ఉంటాయి.

ఏ ఫాంటు అన్నది రెండో ప్రశ్న. డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో చేసిన పాత నమూనాలు ఇప్పటికీ తిరుగుతున్నాయి. అవి యూనికోడ్‌లో, అంటే అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తించే అక్షరాల పద్ధతిలో, ఉండవు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే అర్థం లేని రోమన్ అక్షరాల కుప్ప కనిపిస్తుంది. అందులో ఒక పేరు వెతకడం కూడా సాధ్యం కాదు. అలాంటి నమూనాను ఒకసారి కూర్చుని యూనికోడ్‌లో మళ్లీ టైపు చేయించడం ఖర్చే, కానీ ఒక్కసారి పెట్టే ఖర్చు. విండోస్‌తో పాటు వచ్చే నిర్మలా దాదాపు అన్ని కంప్యూటర్లలో ఉంటుంది కాబట్టి బయటికి పంపే ఫైళ్లకు అది క్షేమం. ఉచితంగా దొరికే మండలి, ఎన్టీఆర్ వంటివి చూడటానికి మరింత బాగుంటాయి. ఉత్తరాంధ్ర మనసుకు దగ్గరైన గురజాడ, గిడుగు పేర్లతో కూడా ఫాంట్లున్నాయి. వీటిలో ఏది వాడినా, ఫైలులోనే ఫాంటును పొదిగి ఉంచే ఏర్పాటును మూసలోనే ఆన్ చేయాలి. వర్డ్‌లో అది సేవ్ అమర్పుల్లో ఉంటుంది, లిబ్రేఆఫీస్‌లో పత్రం ప్రాపర్టీస్‌లో.

వరుసల మధ్య దూరం గురించి ఒక్క మాట. ఇంగ్లీషు లెటర్‌హెడ్ మూసల్లో వరుస ఎత్తును ‘ఎగ్జాక్ట్‌లీ’ అని బిగించి ఉంచడం సాధారణం. అందులో తెలుగు కొడితే ‘రాష్ట్రం’, ‘స్త్రీ’ వంటి మాటల కింది ఒత్తులు తెగిపోతాయి. తెర మీద ఒక్కోసారి బాగానే ఉండి ప్రింటులో తెగుతాయి. ప్రభుత్వానికి వెళ్లే దరఖాస్తులో రాష్ట్రం అన్న మాటకే ఒత్తు తెగి ఉండటం చూడటానికి బాధగా ఉంటుంది. ఆ అమరికను ‘మల్టిపుల్’కు మార్చి, ఒకటింపావు దగ్గర పెట్టి ప్రింటు తీసి చూసుకోవాలి.

అన్నిటికన్నా లోతైన చిక్కు వ్యాకరణంలో ఉంది. ఇంగ్లీషు మూసలో ఖాళీ పెట్టి ఏ పేరు నింపినా వాక్యం చెడదు. తెలుగులో మాట విభక్తితో కలిసి రూపం మార్చుకుంటుంది. ‘విశాఖపట్నం’ అన్నది ‘కి’ చేరితే ‘విశాఖపట్నానికి’ అవుతుంది. ‘అనకాపల్లి’ మాత్రం ‘అనకాపల్లికి’ అనే ఉంటుంది. అంటే ఖాళీ తర్వాత ‘కి’ అని ముందే అచ్చువేసి పెట్టిన మూస సగం ఊళ్లకు సరిపోతుంది, సగం ఊళ్లకు తప్పుతుంది. పేర్లకూ ఇదే బాధ. రాముడు, సీత, సత్యం ఈ మూడింటికీ ఒకే అతుకు పనిచేయదు. ఈ కారణంగానే పాత ఫైలులో పేరును వెతికి మార్చే పద్ధతి తెలుగులో మరింత ప్రమాదకరం. ‘సత్యం’ అని వెతికితే ‘సత్యానికి’ దొరకదు. ‘విశాఖపట్నం’ అని వెతికితే, ఇంకెవరో టైపు చేసిన ‘విశాఖపట్టణం’ దొరకదు. ‘సూర్యనారాయణ’ అని వెతికితే విడదీసి కొట్టిన ‘సూర్య నారాయణ’ దొరకదు. అన్నీ మార్చేశానని కంప్యూటర్ సంఖ్యతో సహా చెబుతుంది, ఒకటి మిగిలే ఉంటుంది.

దీనికి విరుగుడు తెలుగులోనే ఉంది. పేరు తర్వాత ‘గారు’ చేరిస్తే విభక్తి పేరును ముట్టుకోదు. సత్యం గారికి, సీత గారికి, రాముడు గారికి, ఏ పేరు నింపినా వాక్యం చెక్కుచెదరదు. మర్యాద కోసం పుట్టిన ఈ మాట మూసలో పేరుకూ వాక్యానికీ మధ్య గట్టి అతుకుగా పనిచేస్తుంది. ఊళ్లకు ‘గ్రామం’, ‘నగరం’, ‘మండలం’ అన్న మాటలు ఆ పని చేస్తాయి. ఖాళీ తర్వాత ‘మండలానికి చెందిన’ అని అచ్చులో ఉంటే ముందు ఏ పేరు వచ్చినా సరే. క్రియల్లో ఆడ, మగ తేడాను ‘నివసిస్తున్నారు’, ‘చెల్లించారు’ అనే గౌరవ బహువచనం దాటిస్తుంది. కుమారుడు, కుమార్తె, భార్య వంటి చోట్ల జాబితా నుంచి ఎంచుకునే గడి పెట్టడం మేలు. ఎంచుకోకపోతే గడి ఖాళీగా కనిపిస్తుంది. తెలుగులో మూస రాయడమంటే ఇలా వాక్యాన్నే తిరగరాయడం. ఇంగ్లీషు నమూనాను ఉన్నదున్నట్టు తెలుగులోకి దించితే ఖాళీలు ఎప్పుడూ తప్పు చోటే పడతాయి.

ఇంటర్నెట్ నుంచి దించుకునే ఉచిత మూసల విషయంలో రెండు మూడు జాగ్రత్తలు చాలు. వాటిలో ఎక్కువ భాగం అమెరికా కాగితానికి తయారైనవి. అక్కడి లెటర్ సైజు 215.9 మిల్లీమీటర్ల వెడల్పు, 279.4 మిల్లీమీటర్ల పొడవు. ఇక్కడి ఏ4 210 వెడల్పు, 297 పొడవు. తెర మీద తేడా తెలియదు. ప్రింటు కొడితే ప్రింటరు లెటర్ కాగితం కోసం ఎదురుచూస్తూ దీపం మిణుకుమిణుకుమనిపిస్తూ నిలబడిపోతుంది. ట్రేలో కాగితం నిండుగా ఉన్నా కదలదు. ప్రింటరు పాడైందని ద్వారకానగర్ నుంచి మెకానిక్‌ను పిలిపిస్తారు, లోపం మాత్రం మూసలో ఉంటుంది. తేదీలో నెల ముందు, రోజు తర్వాత ఉండటం, డబ్బు లక్షల్లో కాక మిలియన్లలో విడిపోవడం కూడా అలాంటివే. విండోస్ ప్రాంతీయ అమరిక భారత్‌కు మార్చితే ఎక్సెల్ 12,34,567 అని మన లెక్కలో చూపిస్తుంది. ఇక మ్యాక్రోలు (ఫైలు లోపల ఉండి పనులు చేసే చిన్న ప్రోగ్రాములు) ఉన్న మూసలు, అంటే పేరు చివర ఎం అక్షరం వచ్చే డీఓటీఎం రకం, తెలియని చోటి నుంచి వస్తే తెరవకపోవడమే క్షేమం. ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైళ్లలో మ్యాక్రోలను మైక్రోసాఫ్ట్ 2022 నుంచి దానంతటదే అడ్డుకుంటోంది. ఆ హెచ్చరిక వచ్చినప్పుడు దాన్ని తప్పించే దారి వెతకకూడదు.

అయిదారుగురు పనిచేసే ఆఫీసు అయితే మూసలు ఎవరి కంప్యూటర్లో వారికి ఉండకూడదు. నెట్‌వర్క్‌లో ఒక ఫోల్డరు పెట్టి, వర్డ్ అమర్పుల్లో ‘అడ్వాన్స్‌డ్’ చివర ఫైళ్ల చోట్లు అడిగే దగ్గర ‘వర్క్‌గ్రూప్ టెంప్లేట్స్’కు ఆ దారి చూపాలి. లిబ్రేఆఫీస్‌లో అమర్పుల్లోని ‘పాత్స్’లో టెంప్లేట్ల వరుసకు అదే దారిని చేర్చాలి. ఆ ఫోల్డరులో రాసే హక్కు ఒక్కరికే ఉండాలి, మిగిలినవారికి చదివే హక్కు చాలు. ఎవరైనా మార్చగలిగే మూస నెల తిరిగేలోగా మళ్లీ పాత ఫైలే అవుతుంది. పద్దుల పుస్తకం ఒకరి చేతిలో ఉన్నట్టే ఇది కూడా ఒకరి పేరు మీద ఉండాలి. ఆ వ్యక్తి సెలవులో ఉన్నప్పుడు ఎవరు చూస్తారో కూడా ముందే అనుకోవాలి.

సర్వరు మార్చే రోజున మరచిపోయే సంగతి ఒకటుంది. వర్డ్ పత్రం తాను ఏ మూస నుంచి పుట్టిందో, ఆ మూస ఎక్కడుందో గుర్తుంచుకుంటుంది. పాత సర్వరు తీసేస్తే, ఆ పత్రాలు తెరిచినప్పుడల్లా వర్డ్ లేని సర్వరు కోసం వెతుకుతుంది. ఒక్కో ఫైలు తెరవడానికి చాలాసేపు పడుతుంది. కంప్యూటర్ పాతదైందని కొత్తది కొన్నా అదే ఆలస్యం. డెవలపర్ ట్యాబులోని ‘డాక్యుమెంట్ టెంప్లేట్’ పెట్టెలో ఆ పాత దారి రాసి ఉంటుంది. దాన్ని తొలగించి నార్మల్‌కు కలిపితే సమస్య తీరుతుంది. లిబ్రేఆఫీస్ దారి వేరు. మూసలో స్టైళ్లు మారితే, దాని నుంచి పుట్టిన పత్రం తెరిచినప్పుడు కొత్త స్టైళ్లు తీసుకోమంటారా అని అడుగుతుంది. వద్దంటే ఆ పత్రం విషయంలో ఆ ప్రశ్న మళ్లీ అడగదు. రెండింటిలోనూ పాత పత్రానికి చేరేవి స్టైళ్లే. లెటర్‌హెడ్‌లో ఫోను నంబరు మారిందని పాత ఉత్తరాల్లో అది మారదు.

పాతబడిన మూసను అదే ఫోల్డరులో పేరు మార్చి ఉంచడం కన్నా పూర్తిగా బయట వేరే చోట దాచడం మంచిది. జాబితాలో కనిపించినంత కాలం ఎవరో ఒకరు దాన్ని తెరుస్తారు. ప్రతి మూస పాదభాగంలో చిన్న అక్షరాల్లో అది ఆఖరుసారి మారిన నెల, సంవత్సరం అచ్చులో ఉంటే, చేతికొచ్చిన కాగితం ఏ కాలపు మూసదో చూడగానే తెలిసిపోతుంది. మొత్తం ఫోల్డరుకు ఒక నకలు ఆఫీసు బయట కూడా ఉండాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటాక రోజుల తరబడి కరెంటు లేకుండా గడిపిన నగరానికి ఈ మాట విడమరచి చెప్పనక్కర్లేదు. మూసలన్నీ కలిపినా చిన్న పెన్‌డ్రైవ్‌లో ఒక మూలకు సరిపోతాయి.

ఇక ఆ అద్దె ఒప్పందం సంగతి. దానికి మూస చేయడం ఒక మధ్యాహ్నం పని. స్టాంపు పేపరు పైభాగం ముందే అచ్చుతో నిండి ఉంటుంది కాబట్టి మొదటి పేజీని విడి సెక్షనుగా చేసి, పైన స్టాంపు అచ్చు కిందికి దిగేంత మార్జిన్ వదలాలి. రెండో పేజీ నుంచి మామూలు మార్జిన్. యజమాని పేరు, అద్దెదారు పేరు ఒప్పందంలో ఏడెనిమిది చోట్ల వస్తాయి. వాటిని ప్రతిచోటా కొట్టకుండా, వర్డ్‌లో ‘క్విక్ పార్ట్స్’ కింద ఉండే డాక్యుమెంట్ ప్రాపర్టీ గడులుగా పెడితే ఒకచోట నింపింది అన్నిచోట్లకూ పాకుతుంది. అద్దె అంకెల్లో ఒక గడి, అక్షరాల్లో ఒక గడి. మూడో పేజీలో నాలుగు దిక్కులకు నాలుగు గడులు, ఒక్కోదానిలో లేత బూడిద రంగులో ‘తూర్పు హద్దు ఇక్కడ రాయండి’ అనే మాట. నింపకుండా వదిలేసిన గడిలోని ఆ మాట ప్రింటులో కూడా వస్తుంది. చాలామంది దాన్ని లోపమని అనుకుని తీసేయాలని చూస్తారు, కానీ దాన్ని అలాగే ఉంచాలి. టైపిస్టు ముందు మామూలు తెల్ల కాగితం మీద ఒక ప్రతి తీసి ఇస్తుంది. సీతమ్మధార ఇంటాయన మూడో పేజీ తిప్పగానే తూర్పు హద్దు రాయలేదని గమనిస్తాడు. స్టాంపు పేపరు ఇంకా బల్ల మీదే ఉంటుంది.